మగపిల్లలతో ఎవరు మాట్లాడతారు, మంత్రి గారూ?

గౌరవనీయులైన కర్ణాటక పాఠశాల విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. బెంగళూరులో కె.ఆర్.పురం వైపు ఒక హైస్కూల్లో సైన్స్ టీచర్‌ని. మాది అనంతపురం. మా బడిలో పాఠాలు కన్నడంలో, ఇంగ్లీషులో నడిచినా ఇంటర్వెల్లో చాలామంది పిల్లలు మాట్లాడేది తెలుగే. వాళ్ల అమ్మానాన్నలు కదిరి, హిందూపురం వైపు నుంచి పనుల కోసం వచ్చినవాళ్లు. వాళ్లూ చదవాలని ఈ ఉత్తరం తెలుగులో రాస్తున్నాను. కన్నడ ప్రతి మీ ఆఫీసుకు విడిగా పంపుతాను.

కౌన్సెలింగ్ అనే మాట రాగానే స్టాఫ్ రూమ్‌లో అందరూ లేడీ టీచర్ వైపే చూస్తారు. ఆడపిల్లల్ని ఒక గదిలో కూర్చోబెట్టి, తలుపేసి, నెలసరి గురించి నాలుగు మాటలు, జాగ్రత్తల గురించి నలభై మాటలు చెప్పి పంపిస్తాం. అంతసేపూ మగపిల్లలు గ్రౌండ్‌లో ఉంటారు. గొంతు మారుతూ, ఫోన్లో ఏవేవో చూసి లోలోపల భయపడుతున్న పదిహేనేళ్ల కుర్రాడితో కూర్చుని మాట్లాడే మనిషి బడిలో ఒక్కరూ లేరు. తప్పు చేశాక మాత్రం పీటీ మాస్టర్ ఉన్నారు, బెత్తం ఉంది. (చట్టప్రకారం ఆ బెత్తం ఉండకూడదు. అది ఇంకో ఉత్తరం.)

పోనీ, ఆడపిల్లలకు ఒరిగిందేమిటి? ఫలానా అబ్బాయి మెసేజ్‌లు పెడుతున్నాడని తొమ్మిదో తరగతి పిల్ల ధైర్యం చేసి చెబితే, వెంటనే పేరెంట్స్‌కి ఫోన్ వెళ్తుంది. మర్నాటి నుంచి ఆ పిల్ల బడికి రాదు. మెసేజ్ పెట్టినవాడు వస్తాడు. ఇది చూశాక మిగతా పిల్లలెవరూ మా దగ్గర నోరు విప్పరు.

మా టెన్షన్ కూడా చెప్పాలి. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే శిక్ష. సరే, అది ఉండాల్సిందే. కానీ క్లాస్‌మేట్ అంటే ఇష్టమని ఒక పిల్ల చెప్పుకోవడం నేరం కాదు కదా. ఏది దాచకూడదు, ఏది మా దగ్గరే ఉంచుకోవాలి అన్నది మాకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. అందుకే కొందరు అన్నీ బయటపెట్టేస్తారు, కొందరు నిజంగా చెప్పాల్సింది కూడా మింగేస్తారు.

ఇక నడకలోనో మాటలోనో కాస్త తేడా కనిపించిన కుర్రాణ్ణి ‘ఆడంగి’ అని ఏడిపించడం. ఒక్కోసారి టీచర్లూ నవ్వుతారు. అలాంటి పిల్లలు ఇంటర్వెల్లో బాత్రూమ్‌కి వెళ్లరు, క్లాసు మధ్యలో అడిగి వెళ్తారు. మేం చిరాకుపడతాం గానీ ఎందుకో అడగం. ట్రాన్స్‌జెండర్ల గుర్తింపు వాళ్ల హక్కని సుప్రీంకోర్టు 2014లోనే చెప్పింది. అలాంటి పిల్లల గురించి టీచర్ల కోసం 2021లో బడి పుస్తకాలు తయారుచేసే కేంద్ర సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ ఒక శిక్షణ పుస్తకం వెబ్‌సైట్‌లో పెట్టి, అభ్యంతరాలు రాగానే తీసేసింది.

కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదండీ. 2020లో కేంద్రం మొదలుపెట్టిన పాఠశాల ఆరోగ్య కార్యక్రమంలోనే బడికి ఇద్దరు టీచర్లు, వీలైనంతవరకు ఒక మగ, ఒక ఆడ, శిక్షణ పొందాలని ఉంది. విశాఖలో నీట్‌కు చదువుతూ చనిపోయిన అమ్మాయి కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు, వందమంది, ఆ పైన విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ ఒక్కరైనా ఉండాలంది. నేర్పేవాళ్ల కోసం దూరం పోనక్కర్లేదు, మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ఇక్కడే హోసూరు రోడ్డులో ఉంది.

కౌన్సెలర్లను వేసేలోగా ఒక సర్క్యులర్ ఇవ్వండి. కౌన్సెలింగ్ బాధ్యత ప్రతి బడిలో ఒక మగ టీచర్‌కి కూడా ఇవ్వాలి. పిల్లలు చెప్పినదాంట్లో ఏది ఎవరికి చెప్పాలో, పేరెంట్స్‌ని ఎప్పుడు పిలవాలో, పిలిచే ముందు పిల్లతో ఏం మాట్లాడాలో ఒక్క పేజీలో రాయించండి. శిక్షణ మాత్రం ఆన్‌లైన్‌లో వద్దు. కెమెరా ఆపేసి, వంట చేసుకుంటూ సర్టిఫికెట్లు తెచ్చుకున్న శిక్షణలు మాకు ఇప్పటికే చాలా ఉన్నాయి.

నేర్పిస్తే చేస్తామని మా బడిలో ఇద్దరు మాస్టర్లు అంటున్నారు. మీ ఆఫీసు అడిగితే వాళ్ల పేర్లు పంపుతాను.

ఇట్లు,
ఒక సైన్స్ టీచర్,
బెంగళూరు