మా అరుగు మీద ఏడు గిన్నెలు

అమ్మ పెద్దకర్మ అయి ఇవాళ్టికి తొమ్మిది రోజులు. చుట్టాలంతా వెళ్లిపోయాక వంటిల్లు సర్దుతుంటే ఎవరెవరివో పదిహేడు గిన్నెలు, నాలుగు టిఫిన్ క్యారియర్లు, ఒక పెద్ద అల్యూమినియం గంజు బయటపడ్డాయి. మా ఇంట్లో పొయ్యి వెలగని రోజుల్లో అన్నం, పప్పు, చారు నింపుకొని వచ్చినవే అన్నీ. అంచుల మీద పేర్లు కొట్టించి ఉన్నవి ఇళ్లకు చేర్చాను. ఏడింటికి ఏ గుర్తూ లేదు. అడిగితే "ఉండనివ్వమ్మా, తొందరేముంది" అంటున్నారే తప్ప ఒక్కరూ తమదని ఒప్పుకోవడం లేదు. అమ్మ ఉంటే మూత మీద సొట్ట చూసి అది ఎవరింటిదో చెప్పేది.

ఊరి వాళ్లకు, నల్లగొండలో నాతో పనిచేసే టీచర్లకు, మా ముఖం కూడా చూడకుండా రక్తం ఇచ్చి వెళ్లినవారికి కృతజ్ఞతలు చెప్పుకోవడానికి ఇది రాస్తున్నాను. అయితే ఒక ఇబ్బంది ఉంది. అమ్మ తన జీవితంలో ఈ మాట ఎవరికీ చెప్పలేదు. ఆమె లెక్కలో కృతజ్ఞతలంటే సభల్లో మైకు పట్టుకున్నవాళ్లు చివర్లో చెప్పి దిగిపోయే మాట. ఆమె దగ్గర ఉన్న మాట ఒక్కటే, బదులు. తీసుకున్నది సోలెడు బియ్యమైనా, ఒక పూట కలుపు తీసిన సాయమైనా తిరిగి వెళ్లాలి. గిన్నె అసలే ఖాళీగా వెళ్లకూడదు. ఇంకేమీ లేకపోతే నాలుగు కరివేపాకు రెబ్బలైనా వేసి పంపేది.

అమ్మకు చదువు రాదు. జొన్నలు పోసే గుమ్మి వెనక గోడ మీద బొగ్గుతో గీతలు గీసి లెక్క పెట్టుకునేది. నిలువు గీత అయితే సోలెడు, సున్నా చుడితే మానెడు, రెండు గీతలు ఒకదాని మీద ఒకటి అడ్డంగా వేస్తే ఒకరోజు కూలికి బదులు. ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్క వరుస. ఏ వరుస ఎవరిదో ఆమెకు తప్ప ఇంకెవరికీ తెలియదు. బతుకమ్మ పండుగ ముందు గోడలకు సున్నం వేసేటప్పుడు ఆ గీతలు పోతాయని నన్ను కూర్చోబెట్టి నోటుబుక్కులో ఎక్కించేది, సున్నం ఆరాక మళ్లీ గోడ మీదకు దింపేది. పుస్తకంలోనే ఉంచుకోవచ్చు కదా అంటే, పుస్తకం మూసేస్తే కనిపించదు, గోడ రోజూ కనిపిస్తుంది అనేది. నేను బడిలో అక్షరాలు దిద్దడానికి ముందే మా ఇంటి అప్పులు రాశాను. లెక్కల టీచర్‌నయ్యానంటే అందులో ఆ గోడ వాటా కొంత ఉండే ఉంటుంది.

ఆధార్ కార్డులో అమ్మ పుట్టిన తేదీ జనవరి 1. ఊళ్లో సగం మంది ముసలివాళ్లు ఆ రోజే పుట్టారు. సాగర్ డ్యాముకు శంకుస్థాపన జరిగిన ఏడాది పుట్టిందని మా అమ్మమ్మ చెప్పేది. నెహ్రూ నాగార్జునసాగర్‌కు రాయి వేసింది 1955 డిసెంబరులో. అంటే అమ్మా, సాగరూ ఒకే ఈడు. కానీ సాగర్ ఎడమ కాలువ నీళ్లు మిర్యాలగూడ వైపు వెళ్లాయి. మాది మునుగోడు వైపు మెట్ట నేల. ఆముదాలు, కందులు, జొన్నలు పండేవి. తాగడానికి బోరు నీళ్లు, అందులో ఫ్లోరైడ్. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగకూడదని చెబుతారు. అప్పట్లో మా ఊళ్లో ఆ లెక్క ఎవరికీ తెలియదు. పళ్లు గారపట్టడం, నలభై ఏళ్లకే నడుం బిగుసుకుపోవడం మా నేల తీరు అనుకునేవారు.

మా అన్నయ్య పళ్ల మీద గోధుమరంగు చారలు ఉన్నాయి. ఇప్పటికీ ఫోటో తీస్తుంటే పెదాలు బిగబడతాడు. నా పళ్లకు ఆ చారలు లేవు. మా ఇద్దరికీ నడుమ ఆరేళ్ల తేడా. అన్నయ్య పళ్లు చూసిన ఒక నర్సమ్మ నీళ్ల సంగతి చెప్పిందట. ఆ మర్నాటి నుంచి అమ్మ రెండు కిలోమీటర్లు నడిచి చేన్ల మధ్య ఉన్న పాత దిగుడుబావి నుంచి నీళ్లు తెచ్చేది. నెత్తిన ఒక బిందె, చంకన ఒక బిందె. ఆ నీళ్లు పిల్లలకు మాత్రమే. నాన్నా తనూ బోరు నీళ్లే తాగారు. ఈ సంగతి నాకు తెలిసేసరికి నేను డిగ్రీ చదువుతున్నాను. అప్పటికే ఆమె కింద కూర్చుంటే ఒకరు చెయ్యి పట్టుకుంటే తప్ప లేవలేని స్థితికి వచ్చింది.

పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్‌ను తగ్గించే విధానం ఒకటుంది. దానికి 'నల్లగొండ టెక్నిక్' అని పేరు, ఇతర దేశాల్లో కూడా ఆ పేరుతోనే పిలుస్తారు. ఈ మాట చెబితే అమ్మ చాలాసేపు నవ్వింది. పేరు మనకు ఉంచి నీళ్లు వాళ్లు తాగుతున్నారన్నమాట, అంది.

1996 లోక్‌సభ ఎన్నికల్లో మా నల్లగొండ నుంచి 480 మంది పోటీ చేశారు. మా నీళ్ల గోడు దేశానికి వినిపించాలని జలసాధన సమితి వాళ్లు వందల మందితో నామినేషన్లు వేయించారు. బ్యాలెట్ పుస్తకమంత అయింది. ఓటు వేసి వచ్చి అమ్మ అన్న మాట మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటాం. చదువుకునే వయసులో ఎవరూ పుస్తకం ఇవ్వలేదు, ఇప్పుడు ఓటు వేయమని ఇంత పుస్తకం ఇచ్చారు, అని. మిషన్ భగీరథ కుళాయిలో కృష్ణా నీళ్లు మా వాకిట్లోకి వచ్చేసరికి ఆమెకు అరవై దాటాయి. మొదటి రోజు చెంబు పట్టి, తాను తాగకుండా పక్కింటి వదిన పిల్లలకు ఇచ్చింది.

శివరాత్రి మర్నాడు వాకిట్లో జారి పడింది. తుంటి ఎముక విరిగింది. ఇక్కడి నుంచి నేను చెప్పుకోవలసినవాళ్లు మొదలవుతారు.

అరుపు విని గోడ దూకి వచ్చింది పక్కింటి వదిన. అంబులెన్సు వచ్చేదాకా అమ్మ కాలు కదలకుండా రెండు దిండ్ల మధ్య పట్టుకుని కూర్చుంది. తర్వాత డాక్టరు ఆ పని చేసిందెవరని అడిగి మరీ మెచ్చుకున్నారు. మొదట వెళ్లిన ఆసుపత్రిలో మంచాలు లేవన్నారు. రెండోచోట చేర్చుకున్నారు. ఆపరేషన్‌కు ఓ నెగెటివ్ రక్తం కావాలన్నారు. నా తోటి టీచర్లు ఫోన్ల మీద కూర్చున్నారు. రాత్రి పదకొండుకు మిర్యాలగూడ నుంచి బస్సు దిగి ఒక అబ్బాయి వచ్చాడు. బత్తాయి మండీలో హమాలీ పని చేస్తాడట. రక్తం ఇచ్చి, టీ మాత్రం తాగి, బస్సు ఛార్జీ ఇవ్వబోతే చెయ్యి వెనక్కి పెట్టుకుని వెళ్లిపోయాడు. ఇంకో ఇద్దరు తెల్లవారి వచ్చారు. వాళ్లలో ఒకరి పేరు కూడా నేను అడగలేదు. ఆ హడావిడిలో మరిచిపోయాను, ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. డబ్బు సర్దినవాళ్ల లెక్క నా నోటుబుక్కులో ఉంది, ఆ విషయం వాళ్లతోనే మాట్లాడుకుంటాను.

ఇంటికి తెచ్చాక నాలుగు నెలలు మంచం మీదే ఉంది. నల్లగొండకు తీసుకుపోతానంటే వినలేదు. అక్కడ తలుపు తీస్తే తలుపులే కనిపిస్తాయి, మనుషులు కనిపించరు అని ఆమె ఫిర్యాదు. శని, ఆదివారాలు నేను వచ్చేదాన్ని. మిగతా ఐదు రోజులు ఆమెను చూసుకున్నది ఈ ఊరే. ఆశా కార్యకర్తగా పనిచేసే చెల్లెలు రోజూ వచ్చి, వీపు పుండ్లు పడకుండా పక్క మార్చి వెళ్లేది. అది తన ఉద్యోగంలో లేని పని. వదిన పొద్దున్నే తల దువ్వి జడ వేసేది. ఆటో తమ్ముడు ప్రతి పదిహేను రోజులకు ఆసుపత్రికి తీసుకెళ్లి తెచ్చాడు, డీజిల్‌కు తప్ప పైసా తీసుకోలేదు. ఒక పెద్దమ్మ ఏ పనీ చేయలేదు, రోజూ మధ్యాహ్నం వచ్చి మంచం పక్కన కూర్చుని ఊరి కబుర్లన్నీ చెప్పి పోయేది. అమ్మకు మందుల కంటే ఆ గంటే ఎక్కువ పనిచేసిందని నా నమ్మకం.

నా కూతురు యూనివర్సిటీ సెలవులకు వచ్చి అమ్మమ్మ మంచం మీద చింతగింజలు పోసి వామనగుంటలు ఆడింది. ఆ పిల్ల ఒక్క ఆట కూడా గెలవలేదు. నడుం కదలకపోయినా అమ్మ వేళ్లు కదిలేవి, లెక్క తప్పేది కాదు.

అమ్మ పోయింది ఆషాఢంలో. మూడు రోజులుగా ముసురు. ఊళ్లో ఎక్కడ చూసినా కట్టెలు తడిసి ఉన్నాయి. ఇంకో గంటలో చీకటి పడుతుంది. అన్నయ్య ఏం చేయాలో తోచక వరండాలో నిలబడి ఉంటే, ఊరి చివర ఇంటి మామ ట్రాక్టరులో పొడి తుమ్మ కట్టెలు వేసుకుని వచ్చాడు. శ్రావణంలో తన కూతురి పెళ్లి ఉంది. వంటల కోసం వేసవి నుంచి రేకుల కింద పేర్చి దాచుకున్న కట్టెలు అవి. పెళ్లి కట్టెలను కాటికి పంపడం ఎంత అశుభమని మనవాళ్లు అనుకుంటారో తెలిసినవాళ్లకు ఆ మనిషి చేసిందేమిటో అర్థమవుతుంది. వాళ్ల ఇంట్లో ఆడవాళ్లు కూడా ఒక్క మాట అనలేదు, చివరికి పెళ్లికూతురే రేకులు పక్కకు జరిపిందట.

మొన్న ఆయన ఇంటికి వెళ్లి పెళ్లికి కట్టెలు నేను పంపుతానన్నాను. కాటికిచ్చిన కట్టెకు బదులు తీసుకోరమ్మా, అన్నాడు. ఇంటికొచ్చి గుమ్మి వెనక గోడ చూశాను. గుమ్మి ఇప్పుడు ఖాళీ, కానీ గీతలు ఉన్నాయి. అమ్మ పడిపోవడానికి ముందు వేసినవి. అన్నీ కొట్టేసి ఉన్నాయి, ఒక్క వరుసలో రెండు నిలువు గీతలు తప్ప. ఎవరివో ఎంత ఆలోచించినా తెలియలేదు. వదినను పిలిచి చూపిస్తే ఆమెకూ తెలియలేదు. ఊళ్లో ఎవరికైనా మా అమ్మ రెండు సోలెల బియ్యమో, పప్పో ఇవ్వవలసి ఉంటే దయచేసి మొహమాటపడకుండా చెప్పండి. కట్టెలకు నేను ఒక కొత్త గుర్తు వేశాను. అది కొట్టేయడానికి కాదు.

ఇక గిన్నెల సంగతి. వేసవిలో అమ్మ మంచం మీద నుంచే చెబుతుంటే వదినా నేనూ మామిడికాయ తొక్కు పెట్టాం. ఉప్పు చాలదని రెండుసార్లు వేయించింది, మూడోసారి ఎక్కువైందని తిట్టింది. రెండు పెద్ద జాడీలు. ఇంత ఎవరు తింటారమ్మా అంటే, తినేవాళ్లు ఉన్నారులే అంది. ఆ జాడీలు నిన్న విప్పాను. పేర్లు కొట్టించిన గిన్నెల్లో పెట్టినది నిన్ననే ఇళ్లకు చేర్చాను.

పేరు లేని ఏడు గిన్నెలూ అరుగు మీదే ఉన్నాయి. ఒకదాని మూతకు సొట్ట ఉంది. ఒకదాని పిడికి రాగి తీగ చుట్టి ఉంది. ఒకదాని అడుగున మాడిన మచ్చ ఎంత తోమినా పోలేదు, క్షమించాలి. ఆదివారం సాయంత్రం దాకా ఊళ్లోనే ఉంటాను. అందరిలో అడగడం ఇష్టం లేకపోతే చీకటి పడ్డాకైనా రండి. స్టీలు గిన్నెలో తొక్కు ఎక్కువ రోజులు ఉంచకూడదు, ఇంటికెళ్లగానే జాడీలోకి మార్చుకోండి.