అర్జీకి జవాబు ఎన్నాళ్లకు?

సంపాదకులకు నమస్కారం.

మా వాడలో మోరీ పని సగంలో ఆగి రెండేళ్లవుతోంది. మొన్న వానకు పక్కింటి పిల్లాడు అందులో పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఈ పనికి ఎంత మంజూరైంది, ఎంత ఖర్చయింది అని మండల ఆఫీసులో సమాచార హక్కు కింద దరఖాస్తు ఇచ్చాను. ఫీజు 5 రూపాయలే గానీ రసీదు కోసం మూడుసార్లు తిరిగాను. 2005 చట్టం ప్రకారం 30 రోజుల్లో చెప్పాలి. 74వ రోజున కవరు వచ్చింది. లోపల ఒక్కటే వాక్యం: ‘రికార్డు అందుబాటులో లేదు’. ఆ కాగితం పట్టుకుని చాలాసేపు గుమ్మంలోనే కూర్చున్నాను.

మొదటి అప్పీలు వేశాను. అక్కడా కాకుంటే రాష్ట్ర సమాచార కమిషనే దిక్కు. ఆలస్యం చేసిన అధికారికి రోజుకు 250 చొప్పున 25,000 రూపాయల దాకా జరిమానా వేసే అధికారం దానికే ఉంది. అలాంటి కమిషన్‌లో 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా, రెండేళ్లకు పైగా మన తెలంగాణలో ఒక్క కమిషనరూ లేకుండా పోయారు. అన్నాళ్లూ అప్పీళ్లు పెట్టుకున్నవాళ్లు ఎవరికి మొర పెట్టుకోవాలి? ఇకముందు ఖాళీ ఏర్పడకముందే నియామకాలు పూర్తి చేయాలి. పనుల లెక్కలు పంచాయతీ గోడ మీద రాయించండి, నాలాంటివాళ్లకు దరఖాస్తు అవసరమే ఉండదు.

– ఒక రిటైర్డ్ అంగన్‌వాడీ టీచర్