కణితి డేటా దాచుకుంటే ఎవరికి లాభం?

సంపాదకుడు గారికి,

క్యాన్సర్ పేషెంట్ల జన్యు సమాచారం దేశం దాటి పోకూడదని, పోతే విదేశీ కంపెనీలు దాంతో సొమ్ము చేసుకుంటాయని ఒక పాఠకుడు రాసిన ఉత్తరం మీ పేజీలో చదివాను. ఆయన భయాన్ని కొట్టిపారేయను, దాని సంగతి కింద చెప్తాను. కానీ ఆ డేటా ఎక్కడికీ పోకుండా ఆస్పత్రి కంప్యూటర్లోనే పడి ఉంటే పేషెంటుకు ఒరిగేదేమిటో ఆయన ఆలోచించినట్టు లేదు.

కణితి ముక్కను జన్యు పరీక్షకు పంపితే వచ్చే రిపోర్టు ఎప్పుడైనా చూశారా? ఒక గడిలో జన్యువు పేరు, పక్క గడిలో అందులో వచ్చిన మార్పు. బీఆర్‌ఏఎఫ్ జన్యువులో వచ్చే వి600ఇ అనే మార్పు లాంటిదైతే డాక్టరు చూడగానే గుర్తుపడతారు, అది ఎంతోమందిలో కనిపించిందే, దానికి మందులూ ఉన్నాయి. కొన్ని వరసల దగ్గర మాత్రం 'ప్రాముఖ్యం తేలలేదు' అనే అర్థంలో ఒక మాట ఉంటుంది. పరీక్ష ఫెయిలయిందని కాదు, మార్పు దొరికింది, కానీ అది హాని చేసేదా కాదా చెప్పాలంటే అదే మార్పు ఉన్నవాళ్ళు ఇంకొంతమంది కనపడాలి. వాళ్ళు లేకేం, ఒకరు టొరంటోలో, ఒకరు సియోల్‌లో, ఇంకొకరు నైరోబీలో ఉండొచ్చు. ఎవరి ఫైలు వాళ్ళ ఆస్పత్రిలోనే ఉండిపోతోంది, అదీ బాధ.

ఎన్‌టీఆర్‌కే ఫ్యూజన్, అంటే ఎన్‌టీఆర్‌కే అనే జన్యువు ఇంకో జన్యువుతో అతుక్కుపోయే మార్పు, దాని సంగతే తీసుకోండి. మామూలుగా వచ్చే క్యాన్సర్లలో అది నూటికి ఒక్కరిలో కూడా కనిపించదు. లారోట్రెక్టినిబ్ అనే మందు మీద 2018లో వచ్చిన ఫలితాల్లో ఉన్నది మొత్తం 55 మందే, నాలుగు నెలల పసిబిడ్డ దగ్గర్నుంచి 76 ఏళ్ళ మనిషి దాకా, వాళ్ళలో 17 రకాల కణితులు. నాలుగింట మూడు వంతుల మందికి మందు పనిచేసింది. క్యాన్సర్ ఏ అవయవంలో వచ్చిందన్నదానితో పని లేకుండా, ఈ మార్పు ఉంటే ఇవ్వొచ్చని అదే ఏడాది నవంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతిచ్చింది. ఇలాంటివాళ్ళ కోసం ఒక్క ఆస్పత్రి తన పేషెంట్లలోనే వెతుక్కుంటూ కూర్చుంటే ఎన్నేళ్ళు పట్టేదో మీరే చెప్పండి.

పంచుకోవడం కొత్తేమీ కాదు. అమెరికా, కెనడా, ఫ్రాన్స్, నెదర్లాండ్స్ సంస్థలు కలిసి మొదలుపెట్టిన జీనీ ప్రాజెక్టు 2017 జనవరిలో దాదాపు 19 వేల కణితుల సమాచారాన్ని అందరికీ తెరిచింది. మూడేళ్ళ తర్వాత, 38 రకాల క్యాన్సర్లకు చెందిన 2,658 పూర్తి జీనోముల (కణితిలోని మొత్తం డీఎన్‌ఏ) విశ్లేషణను ఒక అంతర్జాతీయ బృందం ప్రచురించింది. బాగానే ఉంది గానీ, నా కంప్లయింటు ఒకటుంది: మార్పుల పట్టిక ఇస్తారు, ఏ మందు వాడారు, ఎన్నాళ్ళు పనిచేసింది, జబ్బు తిరగబెట్టిందా అన్న గడులు మాత్రం చాలాచోట్ల ఖాళీ. ఆ వివరాలు డాక్టర్లు రాసుకున్న నోట్సులో ఉంటాయి, ఎవరో ఒకరు కూర్చుని చదివి ఎక్కించాలి, ఆ చాకిరీకి డబ్బూ రాదు, పేరూ రాదు. నిధులిచ్చేవాళ్ళు ముందు దానికి ఇవ్వాలి.

దాచుకుంటే ఏమవుతుందో చూశాం కూడా. కణితి సంగతి కాదు, రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెంచే బీఆర్‌సీఏ జన్యువుల్లో వంశపారంపర్యంగా వచ్చే మార్పుల సంగతి. మిరియడ్ జెనెటిక్స్ కంపెనీ ఆ జన్యువుల మీద పేటెంట్లు పెట్టుకుని, 2004 ప్రాంతంలో తన ఫలితాలను పబ్లిక్ డేటాబేసులకు ఇవ్వడం మానేసింది. సహజంగా ఉండే డీఎన్‌ఏకు పేటెంట్ చెల్లదని 2013 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది, అయినా ఏళ్ళ తరబడి పోగైన డేటా మాత్రం కంపెనీ దగ్గరే ఉండిపోయింది. చివరికి క్లినిక్‌లే తమ పేషెంట్ల రిపోర్టుల్లోని ఫలితాలను పేర్లు తీసేసి క్లిన్‌వార్ అనే బహిరంగ డేటాబేసుకు ఇవ్వాల్సొచ్చింది. అంటే డబ్బు కట్టి పరీక్ష చేయించుకున్నవాళ్ళ సమాచారమే మళ్ళీ ఒక్కో కాగితం ఏరుకుని పోగేయాల్సొచ్చిందన్నమాట!

ఇక గోప్యత. పేరు తీసేస్తే సరిపోతుందనేవాళ్ళను నమ్మకండి. వందలమంది డీఎన్‌ఏ కలిపి తీసిన లెక్కల్లోంచి కూడా ఫలానా మనిషి ఉన్నాడా లేడా కనిపెట్టొచ్చని 2008లోనే తేలింది. అందుకే పుట్టుకతో వచ్చిన జన్యు వివరాలను అనుమతి ఉన్న పరిశోధకులకే చూపించాలి, కణితిలో మాత్రమే వచ్చిన మార్పులను కాస్త ఉదారంగా ఇవ్వొచ్చు. అసలు డేటాను కదిలించకుండా, విశ్లేషణ ప్రోగ్రామునే ఆస్పత్రికి పంపి, వచ్చిన జవాబును మాత్రం బయటికి తెచ్చే పద్ధతీ ఉంది. అదీ నూటికి నూరుపాళ్ళు భద్రమని చెప్పను, అయినా తాళం వేసి మర్చిపోవడం కన్నా నయం.

మన డేటాతో వాళ్ళు లాభపడతారన్న మాటకొస్తే, ఇవ్వకపోతే నష్టపోయేది ముందు మనమే. అమెరికాలో క్యాన్సర్ జన్యువుల పటం తయారుచేసిన టీసీజీఏ ప్రాజెక్టు 11 వేలమందికి పైగా పేషెంట్ల కణితులను చదివింది, వాళ్ళలో ఎక్కువమంది ఐరోపా మూలాల వాళ్ళే. అడినోకార్సినోమా అనే రకం ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఈజీఎఫ్‌ఆర్ అనే జన్యువులో మార్పు తూర్పు ఆసియా పేషెంట్లలో దాదాపు సగంమందిలో ఉంటే, పాశ్చాత్య దేశాల్లో నూటికి పది పదిహేనుమందిలోనే. ఒక చోటి లెక్కతో ఇంకోచోట వైద్యం చేస్తే ఎలా?

కాబట్టి ఆ పాఠకుడు పోరాడాల్సింది షరతుల కోసం. పేషెంటు సంతకం పెట్టే ఫారంలో డేటా పంచుకోవడానికి విడిగా ఒక గడి ఉండాలి, వద్దంటే వైద్యంలో తేడా రాకూడదు, తర్వాత మనసు మారితే వెనక్కి తీసుకునే వీలుండాలి. డేటా ఇచ్చిన దేశం శాస్త్రవేత్తలు విశ్లేషణలోనూ ఉండాలి. 'తేలలేదు' అన్న మార్పు అర్థం రెండేళ్ళకో మూడేళ్ళకో తేలితే, ఆ పేషెంటుకు ఫోన్ చేసి చెప్పే బాధ్యత ఎవరిదో అదే ఫారంలో రాసి ఉండాలి.

ఇట్లు,
మీ పత్రిక పాఠకుడు