జీటీఓ కారు అమ్మకం గురించి నాలుగు మాటలు

చిరంజీవి నానీకి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ మేం బాగానే ఉన్నాం. మిషిగన్‌లో, మన కాంటన్‌లో మంచు పోయింది, మీ నాన్న అప్పుడే మెంతులు చల్లేశారు. ఇంకా చలి ఉందంటే వింటేనా? నీకు ఒత్తులు చదవడం కష్టమని ఎడంగా, పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. స్వాతి చేత చదివించుకోకుండా నువ్వే చదువు.

మొన్న పద్మ పిన్ని ఫోన్ చేసింది. వాళ్ళ వియ్యపురాలి మోకాళ్ళ ఆపరేషన్ గురించి అరగంట చెప్పి, పెట్టేసేముందు "అక్కా, నానీ జీటీఓని అమ్మకానికి పెట్టాడటగా, శ్రీకర్ ఫొటోలు చూపించాడు" అంది. నాకు తెలిసినట్టే "ఆఁ, ఎప్పట్నుంచో అనుకుంటున్నాడు" అన్నాను. మీ నాన్నకి ఇంకా చెప్పలేదు.

అమ్మితే అమ్ము, తప్పేం లేదు. టైటిల్, అంటే కారు ఎవరిదో చెప్పే కాగితం, నీ పేరు మీదే ఉంది. టెక్సస్‌లో, ఫ్రిస్కోలో మీ గ్యారేజీలో రెండు కార్లకే చోటు చాలదు, పాపకి సైకిలు కూడా కొన్నారు కదా. ఎందుకు అమ్ముతున్నావని అడగడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. బ్యాంకు కౌంటర్లో అన్నేళ్ళు కూర్చున్నదాన్ని కాబట్టి అమ్మేటప్పుడు ఏం చూసుకోవాలో చెబుదామని, అంతే. ఆఫీసులో అంతా మామూలే కదా? ఇక్కడ ఎవరింటికెళ్ళినా లేఆఫ్‌ల మాటే, అందుకని అడిగాను.

నీ ప్రకటన పద్మ మొత్తం చదివి వినిపించింది. 1968 పాంటియాక్ జీటీఓ, వెర్డోరో గ్రీన్, 400 క్యూబిక్ అంగుళాల ఇంజను, 350 హార్స్‌పవర్, హుడ్ మీద ఇంజను వేగం చూపించే టాకోమీటర్. ఇవన్నీ నిజమే. కానీ చివర్లో "నంబర్స్ మ్యాచింగ్" అని రాశావట, అంటే ఇంజనూ, గేర్‌బాక్సూ కారుతో పాటు వచ్చినవేనని. ఎలా రాశావురా? ఇంజను కారుతో వచ్చిందే. గేర్‌బాక్సు కాదుగా! అసలుది పగిలిపోయి ఉంటే ఫ్లింట్ దగ్గర తుక్కు యార్డులో ఇంకోటి వెతికి బిగించారు మీ నాన్న. ఆ రసీదు నా దగ్గరుంది. 1968 నుంచి ఇంజను మీదా, గేర్‌బాక్సు మీదా ఫ్యాక్టరీలో కారుకి ఇచ్చిన నంబరులో (ప్లేటు నంబరు కాదు) కొంత భాగం గుద్దేవాళ్ళు. తెలిసినవాడైతే వచ్చీ రాగానే టార్చిలైటుతో కారు కిందకి దూరతాడు. అక్కడ వేరే నంబరు కనబడితే ఇక నువ్వు చెప్పిన నిజాలు కూడా నమ్మడు.

పైగా ఈ కార్లలో దొంగ సరుకు ఎక్కువ. పాంటియాక్ వాళ్ళదే ఇంకో మోడల్ లెమాన్స్‌కి జీటీఓ బ్యాడ్జీలు అతికించి అమ్మేస్తుంటారు. మనది 242తో మొదలయ్యే నంబరు కాబట్టి ఆ బాధ లేదు, లెమాన్స్ అయితే 237 ఉండేది. అది కొనేముందు మీ నాన్న పాత ఫ్యాక్టరీ రికార్డులుంచే పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్ నుంచి ఫ్యాక్టరీ బిల్లింగ్ కాగితం కూడా తెప్పించారు, ఏ ఇంజనుతో, ఏ రంగుతో బయటికొచ్చిందో అందులో ఉంటుంది. అది చూపించు. గేర్‌బాక్సు మార్చామని, ట్రంకు అడుగు రేకు కొత్తదని, కుడివైపు వెనక చక్రం దగ్గర రంగు కింద మళ్ళీ బుడగ లేస్తోందని కూడా రాసెయ్యి. ఆ బుడగని దగ్గర్నుంచి ఫొటో తీసి పెట్టు. మీరు వెళ్ళే ముందు రోజు నేను వేలితో నొక్కి చూశాను, కరకరమంది. పాత కార్ల ధరలు కట్టే హ్యాగర్టీ వాళ్ళ లెక్కలో పోటీకి పెట్టేంత బాగుంటే 1, ఓ మాదిరికి 4 కదా. మనది 3. రెండని మురిసిపోకు.

ధర విషయం నీకు తెలియంది కాదు. 1968 మోడల్ జీటీఓలు 87 వేలకు పైగానే తయారయ్యాయి, అరుదైనదేం కాదు. రిపేర్లకి పెట్టిందంతా తిరిగొస్తుందని ఎవరన్నా నమ్మకు. నా నోటుపుస్తకంలో లెక్కలున్నాయి, మీ నాన్నకి ఇప్పటికీ చూపించలేదు. అయితే ఆ బిల్లులన్నీ టాక్సు లెక్కకి పనికొస్తాయి, మీ టాక్సు లెక్కలు చూసే సీపీఏని అడుగు. తొందర లేకపోతే మంచి బేరం వచ్చేదాకా ఆగు. తొందరుందా?

ఇప్పుడు అసలు సంగతి. నేను పనిచేసిన బ్రాంచికి ఒక పెద్దాయన వచ్చేవాడు, ఫ్యాక్టరీలో రిటైరైనవాడు. శుక్రవారం శుక్రవారం వచ్చి నా కిటికీ దగ్గరే నిలబడేవాడు, పక్క లైను ఖాళీగా ఉన్నా సరే. వాళ్ళావిడకి నేను పులిహోర ఎలా చెయ్యాలో రాసిచ్చాను, ఆవిడ చింతపండు బదులు వెనిగర్ పోసిందట, ఆ గొడవ వేరే. ఆయనకి ఓ 1970 షెవెల్ కారు ఉండేది, అమ్మకానికి పెట్టాడు. వేరే రాష్ట్రం నుంచి ఎవడో ఫోన్ చేసి, కారు చూడకుండానే, బేరమాడకుండానే, అడిగిన ధరకి ఒప్పుకున్నాడు. అక్కడే అనుమానం రావాలా, వద్దా? క్యాషియర్స్ చెక్, అంటే బ్యాంకే తన పేరు మీద ఇచ్చే చెక్కు, పంపాడు, ధర కంటే 4,000 డాలర్లు ఎక్కువకి. "ఆ ఎక్కువది కారు తీసుకెళ్ళే ట్రక్కువాడికి, వాడికి మీరు వైర్ చెయ్యండి" అన్నాడు, అంటే బ్యాంకు నుంచి నేరుగా వాడి ఖాతాకి పంపమని. ఆ వారం నేను సెలవులో ఉన్నాను, మీ బాబాయి గృహప్రవేశానికి వెళ్ళాం కదా. చెక్కు వేసిన మర్నాడే డబ్బు ఖాతాలో కనబడింది. క్యాషియర్స్ చెక్ అంటే బ్యాంకు అలాగే వాడుకోనిస్తుంది, అంతమాత్రాన చెక్కు పాసైనట్టు కాదు. ఈయన సంతోషంగా ట్రక్కువాడికి వైర్ చేసేశాడు. ట్రక్కూ రాలేదు, మనిషీ రాలేదు. నేను తిరిగొచ్చేసరికి చెక్కు దొంగదని తేలింది, వేసిన డబ్బంతా బ్యాంకు వెనక్కి తీసుకుంది, ఆ 4,000 ఆయన నెత్తిన పడింది. "నువ్వు లేవు" అన్నాడు నాతో, అంతే, ఇంకేం అనలేదు. తర్వాత కూడా శుక్రవారాలు వచ్చాడు గానీ పక్క లైనులో నిలబడేవాడు.

కాబట్టి చెక్కు ఇస్తానంటే వాడి బ్యాంకుకి నువ్వూ వెళ్ళు, కౌంటర్లో రాసిచ్చేది నీ కళ్ళతో చూడు. వైర్ అయితే మీ బ్యాంకుకి నువ్వే ఫోన్ చేసి డబ్బు చేరిందని తెలుసుకున్నాకే టైటిల్ వెనకాల సంతకం పెట్టు. వీలైతే ఇద్దరూ కలిసి కౌంటీ టాక్సు ఆఫీసుకి వెళ్ళి పేరు మార్పించుకోండి. నంబరు ప్లేట్లు విప్పేసుకో. అమ్మిన 30 రోజుల్లోపు ఆ సంగతి టెక్సస్ డీఎంవీకి, అంటే వాహనాల శాఖకి, తెలియజెయ్యాలి, లేకపోతే వాడు చేసే గొడవలకి నోటీసులు నీకొస్తాయి. ఇవన్నీ అయ్యేదాకా ఇన్సూరెన్స్ తియ్యకు.

నడిపి చూస్తానంటే లైసెన్సు ఫొటో తీసుకుని నువ్వు పక్కన కూర్చో. నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులు, ఇప్పటి కార్లకి అలవాటుపడ్డవాళ్ళు తొక్కితే ఆగదు. బెల్టు పెట్టుకో. ఆ ఎండలో ఏసీ లేని కార్లో మధ్యాహ్నం పూట ఎవరినీ తిప్పకు, మజ్జిగ తాగి వెళ్ళు. ఉపన్యాసం మొదలుపెట్టాను కదూ, పోనీలే.

2009లో నువ్వు ఆన్ ఆర్బర్‌లో ఉన్నావు, అందుకని నీకు తెలియదు. ఏప్రిల్‌లో పాంటియాక్‌ని మూసేస్తామని దాని కంపెనీ జీఎం (జనరల్ మోటార్స్) చెప్పింది, జూన్ 1న జీఎమ్మే దివాలా కోర్టుకెక్కింది. ఆ రెంటికీ మధ్యలోనే మీ నాన్న ఉద్యోగం పోయింది. నాకు చెప్పలేదు. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, క్యారేజీ పట్టుకుని వెళ్ళేవారు. సాయంత్రం డబ్బా కడుగుతుంటే మూత అంచుల్లో బూడిదరంగు పొడి. రోజూ అదే. మూర్తిగారి షెడ్డులో మీ కారు రేకులు అరగదీస్తే వచ్చే ప్రైమర్ దుమ్మని నాకు తెలియదా? కొన్నాళ్ళు చూసి, ఓ రాత్రి "రేపు క్యారేజీ పట్టుకెళ్తారా, షెడ్డుకే తెచ్చివ్వనా?" అన్నాను. మర్నాటి నుంచి నేనే తీసుకెళ్ళాను. ఆ పచ్చ రంగు వేసింది ఆ వేసవిలోనే. ఆ తర్వాత ఏడాదికి గానీ ఆయనకి మళ్ళీ పని దొరకలేదు, ఏం, మనం తిండికి లోటు పడ్డామా? నీ ఫీజు ఆగిందా?

ఆదివారం పొద్దున మీ నాన్న నోవై గుడికి వెళతారు, వంటశాలలో డ్యూటీ, ఒంటిగంట దాకా రారు. అప్పుడు ఫోన్ చెయ్యి. స్వాతిని కూడా మాట్లాడమను, పోయినసారి ఫోన్లో గొంతు అదోలా ఉంది.

రసీదులూ, ఫ్యాక్టరీ కాగితం, రెండో తాళంచెవీ ఒక ఫైల్లో సర్దాను. గోంగూర పచ్చడి కూడా పెడదామనుకున్నాను గానీ నూనె కారి కాగితాలు పాడవుతాయని విడిగా పంపుతున్నాను. ఫైలు మాత్రం సంతకం పెట్టి తీసుకోవాల్సిన పోస్టులో వేస్తాను. పగలు ఇంట్లో ఎవరుంటారో చెప్పు, దాన్నిబట్టి పంపిస్తాను.

ఆశీస్సులతో,
అమ్మ