విద్యాశాఖ మంత్రి గారికి: పిల్లల్ని పరుగెత్తనివ్వకుండా పరుగు పరీక్షలేంటి?

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

మా ఊరి ఉన్నత పాఠశాలకు పీఈటీని, అంటే ఆటలు నేర్పే వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి, వేయమని ఎంఈవో గారికి అర్జీ ఇచ్చాం. ప్రజావాణిలోనూ ఇచ్చి రసీదు తెచ్చుకున్నాం. రసీదు భద్రంగా ఉంది, పీఈటీ సారే ఇంకా రాలేదు.

టైంటేబుల్లో గేమ్స్ పీరియడ్ మాత్రం ఉందండోయ్. బెల్లు కొట్టగానే లెక్కల సారు లోపలికి వస్తారు. పాపం, టెన్త్ రిజల్ట్స్ టెన్షన్ ఆయనది. పిల్లలు బయటికి వెళ్లినా చేసేదేం లేదు. గ్రౌండులో సగం కంకర కుప్పలు, మిగతా సగం తుమ్మ చెట్లు.

ఇలాంటి బడిలో మొన్న ఫిట్‌నెస్ పరీక్ష పెట్టారు. ఏడాదంతా బెంచీల మీద కూర్చోబెట్టిన పిల్లల్ని ఒక్కసారిగా 600 మీటర్లు పరుగెత్తమన్నారు. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి చెప్పులు విడిచి, చున్నీ నడుముకు కట్టుకుని పరుగు మొదలుపెట్టింది. సగం దూరం కాకముందే డొక్కలో పోటు వచ్చి ఆగిపోయింది. మిగతాది నడిచింది. పక్కపిల్ల వాంతి చేసుకుంది. టైం రాసుకున్నారు, యాప్‌లో ఎక్కించారు, పని అయిపోయింది. విత్తనం వేయని చేలో దిగుబడి కొలిచినట్టుంది మీ పద్ధతి.

యాప్‌లో ఎక్కిస్తే దమ్ము రాదు కదా సార్. క్రమం తప్పకుండా పరుగెడితేనే గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఎక్కువ రక్తం తోస్తుంది, కండరాలు ఆక్సిజన్‌ని బాగా వాడుకుంటాయి, అదే దూరానికి ఆయాసం తగ్గుతుంది. మానేస్తే వచ్చిన దమ్ము కొన్ని వారాల్లోనే తగ్గిపోతుంది. అందుకే 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ప్రపంచంలో 11–17 ఏళ్ల వాళ్లలో 81 శాతం మందికి అది అందడం లేదని అంతకుముందు ఏడాదే లెక్క తేల్చింది. ఆ 81 శాతంలో మా బడిని నిలబెట్టిన ఘనత మీ శాఖదే.

మగపిల్లలు సాయంత్రం రోడ్డు మీదైనా క్రికెట్ ఆడుకుంటారు. ఆడపిల్లలకు బడి గ్రౌండు తప్ప ఇంకేముంది? జాతీయ క్రీడా దినోత్సవమని ఆగస్టు 29న ఫిట్‌నెస్ ప్రతిజ్ఞ మాత్రం అందరిచేతా చేయించారు, అదీ నిలబెట్టి.

పీఈటీని వేయండి సార్. వేయలేకపోతే ఆ పీరియడ్‌ని ఎవరూ లాక్కోకూడదని సర్క్యులర్ అయినా ఇవ్వండి. అదీ కుదరకపోతే కంకరైనా ఎత్తించండి. ఏదో ఒకటి, వచ్చే పరీక్ష లోపలే చేయండి.

ఇట్లు,
ఒక తొమ్మిదో తరగతి విద్యార్థిని తండ్రి