ప్రేమపాటల్ని చర్చిలోనే ఉంచండి, మైకుల్ని బయట పెట్టండి

సంపాదకులకు నమస్కారం.

విశాఖ వన్‌టౌన్‌లో సముద్రం వైపున్న పాత చర్చిలో ఈమధ్య జరిగిన బరోక్ ప్రేమగీతాల (అంటే పదిహేడో శతాబ్దం నాటి యూరప్ పాటల) కచేరీ మీద మీ పేజీలో వచ్చిన రెండు ఉత్తరాలూ చదివాను. ప్రార్థన చేసుకునే చోట ప్రేమపాటలేంటని ఒకాయన రాశారు. వెనక బెంచీల వాళ్లకి మాట ఒక్కటీ తెలియలేదు, వచ్చేసారి ఏదైనా ఏసీ కన్వెన్షన్ హాల్లో పెట్టండని ఇంకొకాయన సలహా ఇచ్చారు. నిర్వాహకులు కూడా హాలు వెతుకుతున్నారని విన్నాను. ఆ పని మాత్రం చేయొద్దని చెప్పడానికే ఇది రాస్తున్నాను. నేను వీణ నేర్పుకునే దాన్ని, పాశ్చాత్య సంగీతంలో పండితురాలిని కాదు, అయినా ఆ సాయంత్రం అక్కడ చెడిపోయింది ఏమిటో, ఎందుకు చెడిపోయిందో నాకు బాగానే తెలిసింది. తప్పు చర్చిదీ కాదు, ప్రేమదీ కాదు.

ముందు ప్రేమ సంగతి. అభ్యంతరం చెప్పినాయన భక్తిని నేను తక్కువ చేయడం లేదు. కానీ ఈ పాటలు కట్టినవాళ్లలో చాలామంది జీతం తీసుకున్నదే చర్చిలో. ఇటలీ సంగీతకర్త మాంటెవెర్డి 1613 నుంచి 1643లో చనిపోయేదాకా వెనిస్‌లోని సెయింట్ మార్క్స్ చర్చిలో సంగీతానికి పెద్ద. ఆయనే 1608లో ఒక నాటకం కోసం, ప్రియుడు ఒంటరిగా వదిలేసి ఓడెక్కి పోతే గట్టున నిలబడి ఏడ్చే అరియాన్నా పాట కట్టాడు. ముప్పై ఏళ్లు దాటాక అదే పాటకి, అదే వరసకి లాటిన్ మాటలు వేసి, సిలువ దగ్గర కొడుకు కోసం మరియమ్మ ఏడ్చే పాటగా తన భక్తిగీతాల సంపుటిలో అచ్చు వేశాడు. వరస దాదాపు అక్షరాలా అదే! ఏడుపు ప్రియుడి కోసమా బిడ్డ కోసమా అని ఆ వరస అడగదు. ఇంగ్లండులో హెన్రీ పర్సెల్ 1679 నుంచి వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీలో ఆర్గన్ వాయించేవాడు, పగలు ప్రార్థనాగీతాలు, మిగతా వేళల్లో నాటకాలకి ప్రేమపాటలు, ఇంకా తాగుబోతుల సరదా పాటలు కూడా రాశాడు, వాటిలో కొన్నింటి మాటలు మీ పేపర్లో అచ్చు వేయలేరు కూడా. అసలు ఇంత దూరం పోవడం దేనికి, బైబిల్లోనే పరమగీతము అని ఒక పుస్తకం ఉంది కదా, అది మొదలయ్యేదే ముద్దులతో.

మన వైపు చూసినా అంతే. జయదేవుడి అష్టపదులు గుళ్లో పాడతారు. అన్నమయ్య కీర్తనల రాగిరేకుల్ని ఆధ్యాత్మికం, శృంగారం అని రెండుగా వేరు చేశారే గానీ శృంగార కీర్తనల్ని ఎవరూ స్వామికి దూరం చేయలేదు. స్వామి ముందు అలిగిన నాయిక పాట పాడితే చేతులు జోడించి వింటాం గానీ, చర్చిలో ఇటాలియన్ భాషలో ఒకమ్మాయి అదే అలక పాడితే ఇబ్బంది పడతామా?

ఆ సాయంత్రం నన్ను పట్టేసిన పాట బార్బరా స్ట్రొజ్జి కట్టింది. వెనిస్ ఆవిడ, 1619లో పుట్టింది, 1644 నుంచి 1664 దాకా తన పేరు మీద ఎనిమిది సంపుటాలు అచ్చు వేయించుకుంది, ఆ రోజుల్లో ఒక ఆడమనిషికి అది మామూలు విషయం కాదు. 1651 నాటి సంపుటిలోది ఈ పాట. నమ్మినవాళ్లు మాట తప్పారు, ఇక నాకు ఏడుపే సుఖం, కన్నీళ్లే తిండి అని సాగుతుంది. కింద వాయిద్యం మాత్రం నాలుగు స్వరాలు దిగుతుంది, మన లెక్కలో స-ని-ద-ప, నటభైరవి స్వరాలు, మళ్లీ పైకొచ్చి మళ్లీ అవే నాలుగు, ఆపకుండా. ఆ దిగుడు మారదు, దాని మీద గొంతు మాత్రం ఒకసారి ముందే వచ్చి ఒకసారి ఆలస్యంగా వచ్చి ఒకచోట తప్పుస్వరమేమో అనిపించేంతగా పక్కకి ఒరిగి, సర్దుకుని, మళ్లీ ఒరిగి... వింటుంటే లోపల ఏదో మెలితిరుగుతుంది. ఆ కాలంలో దుఃఖం పాటలకి ఈ దిగుడు దాదాపు ఒక ముద్రలాంటిది, మాంటెవెర్డి 1638లో అచ్చయిన ఒక వనకన్య ఏడుపు పాటలోనూ ఇదే ఉంటుంది.

నాకు వెంటనే క్షేత్రయ్య గుర్తొచ్చాడు. గుర్తు రావడం ఏమిటి, వాళ్లది ఒకే కాలం! వెనిస్‌లో స్ట్రొజ్జి పుస్తకాలు అచ్చవుతున్న ఏళ్లలోనే ఇక్కడ తంజావూరులో విజయరాఘవ నాయకుడు రాజ్యం చేస్తున్నాడు, మొవ్వ క్షేత్రయ్య పదాలకి ఆ కొలువులో మన్నన దొరికింది. అక్కడా నాయికే, ఇక్కడా నాయికే. అక్కడా నిదానమే, ఇక్కడా నిదానమే, ఒక్క మాటని పట్టుకుని పదిరకాలుగా తిప్పి చెప్పడమే. ఆ శతాబ్దంలోనే డచ్చివాళ్ల ఓడలు మన భీమిలికి వచ్చి ఆగాయి, అక్కడి పాత సమాధుల రాళ్లు చూసినవాళ్లకి తెలుసు. ఆ ఓడల్లో దిగినవాళ్లెవరైనా ఏ సాయంత్రమో ఇలాంటి పాట కూనిరాగం తీసి ఉంటారేమో అని ఊహించుకోవడానికి నాకు ఎవరి అనుమతీ అక్కర్లేదనుకుంటా.

ఇక అసలు ఫిర్యాదు. ఆ రోజు వచ్చింది ముగ్గురే. పాడే అమ్మాయి, థియోర్బో (వేళ్లతో మీటే పెద్ద తీగవాద్యం) వాయించే ఆయన, వియోలా ద గాంబా (మోకాళ్ల మధ్య పెట్టుకుని విల్లుతో వాయించే తీగవాద్యం) వాయించే ఆవిడ. థియోర్బో చూసి హాలంతా గుసగుసలు, పొడవాటి మెడతో కలిపి దాదాపు మనిషంత పొడుగు ఉంటుంది అది. పైన పొడవాటి మంద్ర తీగలు కొన్ని ఉంటాయి, వాటిని వేలితో నొక్కరు, ఊరికే మీటుతారు, మన వీణకి పక్కన తాళం తీగలున్నట్టే. ఇది పుట్టిందే ఇటలీలో ఒక్క గొంతుకి తోడుండడానికి. 1602లో కచ్చీని అనే ఆయన వేసిన పాటల పుస్తకం తీస్తే పైన పాట, కింద ఒక మంద్ర వరస, దాని మీద అక్కడక్కడ అంకెలు, అంతే ఉంటుంది. మిగతాదంతా వాయించేవాడు ఆ క్షణంలో గాయని ఊపిరిని బట్టి నింపుకోవాలి. మన పక్కవాద్యం వాళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. గాంబాకి మెట్లు పేగుతో కట్టినవి, జరుపుకోవచ్చు. తీగలూ పేగువే. శ్రుతి కూడా తక్కువ, సిగ్గుపడకుండా ఫోన్లో ట్యూనర్ పెట్టి చూశాను, ఇప్పుడు పాశ్చాత్య సంగీతంలో మామూలుగా వాడే 440 హెర్ట్జ్ కాదు, 415 దగ్గర ఉంది, అంటే అరమెట్టు కింద. ఈ పాతకాలం సంగీతం వాయించేవాళ్లు ఇప్పుడు ఎక్కువగా పెట్టుకునే శ్రుతి అదేనట. తీగ బిగింపు తగ్గితే గొంతు చించుకోవాల్సిన పనీ తగ్గుతుంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఇవి చిన్న గదుల కోసం చేసిన వాయిద్యాలు. గట్టిగా వాయించడానికి కావు. వీటి ముందు మనవాళ్లు ఏం పెట్టారు? మూడు మైకులు, గోడకి ఇటూ అటూ మనిషెత్తు స్పీకర్ పెట్టెలు. పెళ్లి రిసెప్షన్ ఆర్కెస్ట్రాకి పెట్టేవే. థియోర్బో మంద్ర తీగ మీటినప్పుడల్లా బుయ్‌మని మోత, రెండుసార్లు మైకు కీచుమని అరిచింది, ఆ సౌండ్ అబ్బాయి పాపం టెన్షన్‌తో మిక్సర్ మీద మీటలు పైకీ కిందకీ జరుపుతూనే ఉన్నాడు. సున్నపు గోడలు, ఎత్తు కప్పు, గట్టి నేల ఉన్న కట్టడంలో శబ్దం తనంతట తానే నాలుగువైపులా తగిలి నిదానంగా చల్లారుతుంది. ఆ చల్లారే శబ్దం మీదికి స్పీకర్లోంచి ఇంకో శబ్దం, అది మళ్లీ గోడకి తగిలి మరో శబ్దం, అన్నీ ఒకదాని కాళ్లు ఒకటి తొక్కుకుంటూ వస్తే హల్లులన్నీ కొట్టుకుపోయి అచ్చులు మాత్రమే మిగిలాయి. వెనక బెంచీల ఆయనకి మాట తెలియకపోవడానికి కారణం శబ్దం తక్కువై కాదు, ఎక్కువై.

ఈ మాట గాల్లోంచి అనడం లేదు. సీటు దొరకదేమోనని నేను నాలుగున్నరకే వెళ్లి కూర్చున్నాను. అప్పటికి మైకులు పెట్టలేదు, వాళ్లు రిహార్సల్ చేసుకుంటున్నారు. చివరి బెంచీలో కూర్చుంటే గాయని పాటకి ముందు తీసుకునే ఊపిరి, థియోర్బో ఆయన గోరు తీగని ఒరుసుకోవడం, గాంబా విల్లు తిరగడం, అన్నీ నా పక్కన జరిగినట్టు వినపడ్డాయి. ఖాళీ హాలు కాబట్టి ఎక్కువ మోగుతుంది, జనం నిండితే బట్టలూ ఒళ్లూ కలిసి శబ్దాన్ని కొంత పీల్చేస్తాయి, నిజమే, ఒప్పుకుంటాను. అంతమాత్రాన ఆ స్పీకర్లు అవసరం కావు. నిర్వాహకుల్లో ఒకరిని మైకులు తీసేయొచ్చు కదా అని అడిగితే "అలా ఎలాగండీ మేడమ్, మైకు లేకపోతే ప్రోగ్రాం చేసినట్టు ఉండదు, జనం ఏటనుకుంటారు" అన్నారు. ఆయన్ని తప్పుపట్టను. మన ఊళ్లో బారసాలకి కూడా మైకు ఉండాల్సిందే. కర్ణాటక కచేరీల్లో కూడా వీణకి పికప్ పెట్టి, మృదంగానికి మైకు పెట్టి, చివరికి ఎవరి నాదం ఎలా ఉంటుందో ఎవరికీ తెలియకుండా చేసుకున్నాం. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు విజయనగరంలో ఫిడేలు పాఠం చెప్పిన గడ్డ ఇది. ఆ ఫిడేలూ ఆ దేశాల నుంచే మనకొచ్చి మన ఒళ్లో కూర్చుంది. చెవులు మనకి ఎప్పుడూ ఉన్నాయి, వాటిని పనిచేయనిస్తే చాలు.

ఏసీ కన్వెన్షన్ హాలు గురించి: అక్కడ కింద కార్పెట్, గోడలకి మెత్తలు, ఏసీ హోరు. గొంతు నోట్లోంచి బయటికొచ్చి అక్కడే పడిపోతుంది, అప్పుడు నిజంగానే మైకు తప్పదు. అంటే సమస్యని చేతులారా కొని తెచ్చుకోవడం. చర్చిలో ఇబ్బంది లేదని కాదు. ఉక్క. విశాఖ తేమకి పేగు తీగలు నిలబడవు, పాట పాటకీ శ్రుతి చేసుకోవాల్సి వచ్చింది, నా వెనక ఎవరో "ఇంకా వాయించరేంటి" అని విసుక్కున్నారు కూడా. ఫ్యాన్లు వేస్తే చప్పుడు, ఆపితే చెమట. మధ్యలో హార్బరు వైపు నుంచి ఓడ సైరన్ ఒకటి, సరిగ్గా గాయని మౌనంగా ఆగిన చోట. ఆ అమ్మాయి నవ్వేసి, అది అయ్యేదాకా ఆగి, అందుకుంది. నాకైతే అది నచ్చింది, సముద్రం పక్కన కచేరీ పెట్టుకుని సముద్రం నోరు మూసుకోవాలంటే ఎలా.

కాబట్టి నిర్వాహకులు హాలు మార్చొద్దు, నెల మార్చండి. డిసెంబరు, జనవరిలో సాయంత్రం ఫ్యాను లేకుండా కూర్చోగలం, తేమా కాస్త తగ్గుతుంది. అందరూ పట్టరనుకుంటే ఒకే రోజు రెండు ఆటలు పెట్టండి, సాయంత్రం ఒకటి, రాత్రి ఒకటి. వన్‌టౌన్ ఇరుకైతే భీమిలిలో 1864 నాటి సెయింట్ పీటర్స్ చర్చి ఉంది, పెద్దలు ఒప్పుకుంటే అక్కడ అడిగి చూడండి, బీచ్ రోడ్డు మీద అంతదూరం వెళ్లడానికి జనానికి వేరే సాకు కూడా అక్కర్లేదు. మైకు కావాలంటే ఒక్కటి, స్వాగతం చెప్పేవాళ్లకి. అదీ పాట మొదలవగానే ఆపేయాలి. సన్మానాలు, శాలువాలు, ముఖ్య అతిథి ప్రసంగం అన్నీ చివర్లో పెట్టుకోండి, ఆ రోజు రెండో పాటకీ మూడో పాటకీ మధ్య ఒక పెద్దమనిషి నగరాభివృద్ధి మీద మాట్లాడుతున్నంతసేపూ ఆ ఇద్దరూ తీగలు సర్దుకుంటూనే కూర్చున్నారు, మళ్లీ మొదలెట్టేసరికి అవి మళ్లీ జారాయి. పాటల మాటలు తెలుగులో ఒక కాగితం మీద అచ్చేసి గుమ్మం దగ్గర పంచితే వెనక బెంచీల ఆయన సగం కోపం తగ్గుతుంది. ఎవరు ఎవరి మీద అలిగారో తెలిస్తే మనవాళ్లు పదం విన్నట్టే వింటారు.

ఒక మాట మీ పేపరు వాళ్లకి కూడా. ఈ కచేరీ సంగతి మీ 'నగరంలో నేడు' శీర్షికలో ఆ రోజు పొద్దున్నే వచ్చింది, అదీ రెండు లైన్లు, టైమ్ తప్పు. గాజువాక నుంచో మధురవాడ నుంచో రావాలనుకునేవాళ్లు ఎప్పుడు చూసుకుని ఎప్పుడు బయల్దేరాలి? ఇలాంటివి కనీసం వారం ముందు వేయండి, పాసులు ఎక్కడ ఇస్తారో కూడా రాయండి.

ఇట్లు,
ఒక వీణ టీచరు,
మహారాణిపేట, విశాఖపట్నం.