టెంప్లేట్ల కంటే ముందు ఆల్ఫా నేర్పండి

సంపాదకులకు నమస్కారం.

ఇంటర్, డిగ్రీ పరీక్షలు అయిపోగానే హన్మకొండ, కరీంనగర్‌ చౌరస్తాల్లో వీఎఫ్‌ఎక్స్ (సినిమా విజువల్ ఎఫెక్ట్స్) కోర్సుల ఫ్లెక్సీలు వెలుస్తాయి. చాలాచోట్ల తొలి నెలంతా రెడీమేడ్ టెంప్లేట్లలో పేర్లు మార్చడం, మంటలు, పేలుళ్లు అతికించడంతోనే గడిచిపోతోంది. కొత్తవాళ్లకు స్టూడియోల్లో ముందుగా దొరికేది రోటో పని, అంటే వీడియోలోని మనిషిని అంచు వెంట గీత గీసి వెనక దృశ్యం నుంచి వేరుచేయడం. పిల్లలు తడబడేది అక్కడే.

పునాది ఆల్ఫా చానెల్, అంటే బొమ్మలో ఏ పిక్సెల్ ఎంతమేర కనబడాలో చెప్పే విలువల పొర. మనిషి ఉన్నచోట 1, లేనిచోట 0, జుట్టు అంచున మధ్య విలువలు. ప్రీమల్టిప్లై అయిన బొమ్మలో రంగు అప్పటికే ఆల్ఫాతో గుణించి ఉంటుంది. దాని మీద నేరుగా గ్రేడ్ నోడ్ (రంగు, వెలుగు సరిచేసే సాధనం) పెట్టి ఆఫ్‌సెట్ (అన్ని విలువలకూ సమానంగా కలిపే అంకె) 0.05 పెంచారనుకోండి. ఆల్ఫా 0 ఉన్నచోట కూడా రంగు 0.05 అవుతుంది. రెండు బొమ్మలను కలిపే మెర్జ్‌లో 'ఓవర్' (ఒకదాని మీద ఒకటి) చేయగానే వెనక దృశ్యమంతా పొగమంచు కప్పినట్టు తేలిపోతుంది. గామా (మధ్యస్థ వెలుగు) మారిస్తే మనిషి చుట్టూ అంచు తేడాగా కనిపిస్తుంది. ముందు అన్‌ప్రీమల్ట్ (రంగును ఆల్ఫాతో భాగించడం), తర్వాత గ్రేడ్, ఆ తర్వాత ప్రీమల్ట్ (మళ్లీ గుణించడం): ఈ వరుస చేతికి అలవాటు కావాలి. ఇది అర్థం కాని విద్యార్థి ఆ అంచును బ్లర్‌తో దాచబోయి షాట్‌ను ఇంకా పాడు చేస్తాడు.

రోటోలో మనిషినంతా ఒకే గీతతో చుట్టొద్దు. తల, మొండెం, భుజం, ముంజేయి, వేళ్లు వేర్వేరు ఆకారాలుగా, తక్కువ పాయింట్లతో గీయాలి. కదలిక దిశ మారే ఫ్రేముల్లో కీ (ఆ ఫ్రేములో ఆకారం ఎక్కడుందో గుర్తు) పెట్టి, ఆ తర్వాత మధ్య ఫ్రేములు సరిచూడాలి. ప్రతి ఫ్రేముకూ కీ పెడితే అంచు వణుకుతుంది.

సాధనకు వరంగల్ కోటను మించిన చోటుందా! కీర్తి తోరణాన్ని సాయంత్రపు ఏటవాలు ఎండలో తీసి, మనిషిని ఇంట్లో ట్యూబ్‌లైటు కింద ఆకుపచ్చ గుడ్డ ముందు తీస్తే ఏ కీయరూ (ఆకుపచ్చను తొలగించే సాధనం) ఆ రెంటినీ కలపలేదు. వెలుగు దిశ ఒకటే ఉండాలి. గుడ్డకు ముడతలుండొద్దు, మనిషి కనీసం ఆరడుగులు ముందు నిలబడాలి, లేకపోతే పచ్చదనం చెవుల మీద, భుజాల మీద పడుతుంది. మామూలు ఫోన్ వీడియోలో నాలుగు పిక్సెళ్లకు కలిపి ఒక్క రంగు నమూనాయే ఉంటుంది కాబట్టి జుట్టు అంచు మెట్లుమెట్లుగా వస్తుంది. అది విద్యార్థి తప్పు కాదు. చాలా ఫోన్లలో ఫ్రేమ్ రేటు కూడా నిలకడగా ఉండదు. ముందే సెకనుకు 25 ఫ్రేములకు స్థిరపరచి ఇమేజ్ సీక్వెన్స్‌గా (ఒక్కో ఫ్రేము ఒక్కో బొమ్మ ఫైలుగా) మార్చుకోవాలి.

సాఫ్ట్‌వేర్ కోసం అప్పు చేయనక్కర్లేదు. దృశ్యాలను కలిపే (కంపోజిటింగ్) సాఫ్ట్‌వేర్ న్యూక్ నాన్‌కమర్షియల్ ఉచితం. సంపాదనకు వాడకూడదు, 1920×1080 దాటి ఔట్‌పుట్ ఇవ్వదు. అలాంటిదే అయిన నేట్రాన్, 3డీ సాఫ్ట్‌వేర్ బ్లెండర్ పూర్తిగా ఉచితం. ఖర్చంతా డిస్కుకే: ఆ సైజులో 16 బిట్ ఈఎక్స్‌ఆర్ (ఒక బొమ్మ ఫైలు రకం) ఫ్రేము కంప్రెషన్ లేకుండా దాదాపు 16 ఎంబీ, అయిదు సెకన్లకు 125 ఫ్రేములు, అంటే సుమారు 2 జీబీ.

ఫీజు కట్టేముందు తల్లిదండ్రులు రెండు ప్రశ్నలు అడగాలని మీ విద్యా పేజీలో రాయండి: "రోటో ఎన్ని వారాలు చేయిస్తారు? ప్రీమల్టిప్లై ఎప్పుడు చెప్తారు?" ప్రభుత్వ డిగ్రీ కాలేజీల కంప్యూటర్ ల్యాబ్‌లు వేసవిలో తాళాలేసి ఉంటాయి. వాటిలో నేట్రాన్ ఎక్కించి రోజుకు మూడు గంటలు తెరిచి ఉంచమని అధికారులను కోరుతున్నాం.

– కంపోజిటింగ్ శిక్షకులు, హన్మకొండ